లక్కపిడతల దగ్గర ఆగిపోయాను

అమ్మాయ్,

కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మల తేడాల మీద నువ్వు రాసిన వ్యాసం పోస్టులో వచ్చి మూడు వారాలైంది. ఇరవై మూడేళ్లని రాశావు కాబట్టి "మీరు" అనడం నా వల్ల కాదు, ఏమీ అనుకోకు. మొదటి రెండు పేజీలు చదివి పక్కన పడేశాను. మళ్లీ ఎందుకో నిన్న సాయంత్రం తీస్తే, మూడో పేజీ అడుగున ఈ వాక్యం కనపడింది.

"సంక్రాంతి కొలువు ఎత్తేసే రోజున అమ్మమ్మ కొండపల్లి బొమ్మలన్నిటినీ పాత చీర ముక్కల్లో చుట్టి పెట్టెలో పెట్టేసేది, ఏటికొప్పాక లక్కపిడతలు మాత్రం నాకు ఆడుకోడానికి వదిలేసేది."

ఇది లేకపోతే నీకు ఈ ఉత్తరం లేదు. ఇంత మంచి వాక్యాన్ని తీసుకెళ్లి ఆ మూల ఎందుకు దాచావు? దానికి ముందు ఏం పేర్చావో ఒకసారి చూసుకో. కొండపల్లి, ఏటికొప్పాక రెండూ ప్రసిద్ధ కొయ్యబొమ్మల ఊళ్లు. రెండూ తేలికైన కర్రతో చేస్తారు. కొండపల్లిది పొణికి కర్ర, అయితే ఏటికొప్పాకది అంకుడు కర్ర. అక్కడ కుంచెతో రంగులేస్తారు, కాగా ఇక్కడ లక్కతో వేస్తారు. అది కొండ పక్కన, మరోవైపు ఇది వరాహ నది ఒడ్డున. పెన్సిల్ పట్టుకుని లెక్కపెట్టాను: 11 "అయితే"లు, 6 "కాగా"లు, 4 "మరోవైపు"లు. అటూ ఇటూ తిప్పి తిప్పి నా మెడ పట్టేసింది. సమాచారంలో తప్పులు పెద్దగా లేవు. 2022లో జిల్లాలు మారాయి కదా, ఏటికొప్పాక ఇప్పుడు అనకాపల్లి జిల్లా, కొండపల్లి ఎన్టీఆర్ జిల్లా. నువ్వింకా పాత జిల్లాలే రాశావు, దిద్దుకో.

నిన్ను అని లాభం లేదులే. బళ్లో మనందరికీ నేర్పిందే అది. "భేదములు తెలుపుము" అనగానే కాగితం మధ్యన స్కేలు పెట్టి గీత గీయడం, ఎడమ పక్క ఐదు పాయింట్లుంటే కుడి పక్కా ఐదు రాయడం. కుడివైపు ఏమీ తోచకపోతే ఎడమవైపు ఉన్నదాన్నే తిరగేసి చివర "కాదు" తగిలించేవాళ్లం. మార్కులు వేసేవాళ్లు కూడా! పెద్దయ్యాక గీత చెరిపేస్తాం గానీ, దాని చోట "అయితే" వచ్చి కూర్చుంటుంది.

నేనూ అలాగే రాశాను. 1980ల చివర్లో ఒక వారపత్రికకి ఆవకాయ, మాగాయ మీద వ్యాసం పంపాను. మూడుసార్లు తిరిగొచ్చింది. ఆ ఎండాకాలం మా అమ్మ వసారాలో కూర్చుని ఆవకాయ ముక్కలు తుడుస్తోంది, ఒక్కో ముక్కా, టెంకకి అంటుకున్న పొర తీసి, పొడిగుడ్డతో. పక్కన జాడీలో ఉప్పూ పసుపూ వేసిన మాగాయ ముక్కలు ఊరుతున్నాయి. "రెండూ మామిడికాయే, రెండూ కారమే, ఏం రాసి చావను" అని విసుక్కున్నాను. ఆవిడ తల కూడా ఎత్తలేదు. "ఏముందే, దీనికి తడి తగలకూడదు, దానికి తడి బయటికి రావాలి" అంది.

అంతే. ఆవకాయ ముక్కని తుడవడం ఎందుకో, నూనె పైకి తేలేదాకా పోయడం ఎందుకో ఆ మాటలోనే ఉంది. మాగాయకి చెక్కు తీసి సన్నగా తరగడం, మూడో రోజు ముక్కల్ని గట్టిగా పిండి ఎండబెట్టడం, ఆ ఊటని కూడా ఎండలో పెట్టి మళ్లీ అందులోనే ముక్కలు వేయడం, అదీ ఆ మాటలోనే ఉంది. నేను రెండు నెలలు వెతికింది ఆవిడ నోట్లో ఉంది.

అప్పటినుంచీ నాకు ఇదొక మొండి పట్టు. దీనికి ఎదురు చెప్పినవాళ్లతో నేను కాఫీ కూడా తాగను. ఒకేలాంటివి రెండు, ఎక్కడో ఒక్క చోట విడిపోతాయి. ఆ చోటు చేతికి దొరికేదాకా కలం పట్టకు. దొరికిందంటే మిగతా తేడాలు దాని వెంట అవే నడిచొస్తాయి. రానివాటిని వదిలేయి. ఏటికొప్పాకకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని రాశావు. వచ్చింది, నిజమే. ఆ ముక్క నీ వ్యాసంలో దేని వెంట వచ్చింది చెప్పు?

చాలా ఏళ్ల కిందట ఏటికొప్పాకలో బొమ్మలు చేసే ఒకాయన ఇంటి ముందు గంటసేపు కూర్చున్నాను. ఆయన అంకుడు కర్ర ముక్కని లేత్ మిషన్‌కి బిగించాడు. అది తిరుగుతుంటే ఉలి ఆనించాడు, పొట్టు లేచి నా ఒళ్లో పడింది. కర్ర గుండ్రమైంది. ఆపకుండా అదే తిరుగుడులో ఉలి పక్కన పెట్టి రంగు లక్క కడ్డీ ఆనించాడు. రాపిడికి వేడెక్కి లక్క కరిగి కర్రని పట్టేసింది. కుంచె లేదు, ఆరబెట్టడం లేదు. చేతికిస్తే ఇంకా వెచ్చగానే ఉంది. తిరిగేదాంట్లోంచి గుండ్రనివే వస్తాయి మరి: బొంగరం, గిలక్కాయ, కుంకుమ భరిణె, నీ పిడతలు. అక్కడి దేవుడికైనా పొట్ట గుండ్రమే.

కొండపల్లిలో తిరిగేదేమీ లేదు. పొణికి కర్రలో తల ఒకటి, చెయ్యి ఒకటి, తొండం ఒకటి విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. పైన సున్నం పూత, ఆ పూత మీద రంగులు. విడిగా చెక్కుతారు కాబట్టే తాటిచెట్టెక్కే గీత కార్మికుడి మోకాలు వంగుతుంది, అంబారీ ఏనుగు తొండం ఎత్తుతుంది. అతికించింది కాబట్టి విరుగుతుంది కూడా. దెబ్బ తగిలితే సున్నం పెచ్చుతో పాటు రంగూ లేస్తుంది. లక్క అలా కాదు, కర్రని కరుచుకుని ఉంటుంది, దొర్లించినా ఊడదు.

ఇప్పుడు మీ అమ్మమ్మ ఏం చేసిందో చూడు. ఒకదాన్ని చీరలో చుట్టింది, ఒకదాన్ని నీ చేతికిచ్చింది. ఆవిడకి ఇదంతా తెలుసు. నువ్వు మూడు పేజీల్లో చెప్పలేనిది ఆవిడ పెట్టె సర్దుతూ చెప్పేసింది.

ఇంకొకటి. రెంటికీ సమానంగా చోటివ్వాలని నీకు ఎవరో చెప్పినట్టున్నారు. నాకూ చెప్పారు. నా ఊరగాయల వ్యాసం నాలుగోసారి అచ్చుకి తీసుకున్నారు. మాగాయకి రెండు పేరాలు, ఆవకాయకి అర పేరా రాశాను, ఎందుకంటే ఆవకాయ సంగతి అందరికీ తెలుసు. తీరా పత్రిక తెరిస్తే మాగాయ పేరా ఒకటి ఎగిరిపోయింది. సంపాదకుణ్ణి అడిగితే "సమతూకం కోసమండీ" అన్నాడు. ఎగిరింది మా అమ్మ మాట ఉన్న పేరానే! ఆయన పోయి కూడా చాలాకాలమైంది, నాకు కోపం పోలేదు. తర్వాత ఇంకో పత్రికవాళ్లు అదే వ్యాసాన్ని పట్టికగా కోసి బాక్సు కట్టారు. ఇప్పుడైతే ఏది చూసినా "వర్సెస్". ఇడ్లీ వర్సెస్ దోసె, అమ్మ వర్సెస్ అత్త. రెండు బొమ్మలు పక్కపక్కన కూర్చుంటే కుస్తీ పట్టించాలా?

నీకు పిడతలు తెలుసు. వాటిలో ఇసక అన్నం వండావు, మూతలు పోగొట్టావు. కొండపల్లి బొమ్మల్ని దూరం నుంచి చూశావు, ముట్టుకుంటే తిట్లు తిన్నావు. అలాగే రాయి. పిడతలకి పేజీన్నర, ఏనుగుకి పది లైన్లు. ఆ దూరమే ఏనుగు గురించి నీకు తెలిసింది.

కలం పేరు పెట్టుకోనా, ఏ పత్రికకి పంపను, పుస్తకానికి ఎంత ఖర్చవుతుంది అని ఏవేవో అడిగావు. ఆ కాగితం ఎక్కడో పెట్టాను, దొరకలేదు.

మొదటి రెండు పేజీలు చించేయి. అమ్మమ్మ వాక్యంతో మొదలుపెట్టి మళ్లీ పంపు. రెండో పేజీలో బ్రాకెట్లో "ఏనుగు తొండం ఒకసారి విరిగింది" అని రాసి వదిలేశావు. ఎవరు విరగ్గొట్టారు? నువ్వేనా? అమ్మమ్మ ఏమంది? దాన్ని చింతగింజల పిండితో అతికించారా, ఫెవికాల్‌తోనా?

ఉంటాను.