ఓపెన్ రైల్స్ అనే రైలు సిమ్యులేటర్ గేమ్‌లో, ఇంజిన్ పైన ఉండి పై వైర్ నుంచి కరెంట్ తీసుకునే పాంటోగ్రాఫ్ (పాంటో) వైర్‌ని సరిగ్గా తాకాలంటే ఏం మార్చాలి?

రూట్ సెట్టింగులుండే టీఆర్‌కే (.trk) ఫైల్‌లోని ఓవర్‌హెడ్ వైర్ హైట్ విలువ మార్చాలి, ఎందుకంటే వైర్ ఎత్తు రూట్‌ది, పాంటో ఎత్తు ఇంజిన్ మోడల్‌ది, ఒకదాని సంగతి ఇంకోదానికి తెలీదు. నిజం ఇంజిన్‌లో స్ప్రింగో గాలి ప్రెషరో పాంటోని పైకి నెడుతూనే ఉంటుంది, వైర్ తగిలిన చోట ఆగుతుంది. ఇక్కడ అది ఉత్త యానిమేషన్, చివరి ఫ్రేమ్ ఎక్కడుంటే అక్కడే ఆగుతుంది. ఉదాహరణకి వైర్ 6 మీటర్లు పెట్టి ఉండి పాంటో 5.5 దాకే లేస్తే అర మీటరు ఖాళీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, సరే అని వైర్‌ని 5.5కి దించితే 6 దాకా లేచే ఇంజిన్ల పాంటోలు వైర్‌ని దాటి పైకి పొడుచుకొస్తాయి, అందుకే ఆ రూట్‌లో ఎక్కువ తిరిగేవాటికి తగ్గ ఎత్తు పెట్టి మిగతావాటికి మోడల్ యానిమేషనే మార్చుకోవడం మేలు. ఖాళీ ఉంటే కరెంట్ అందదని చాలామంది అనుకుంటారు, అదేం లేదు, పాంటో లేపారా లేదా అన్నదే లెక్క, వైర్‌ని తాకిందా అని గేమ్ చూడదు.