పౌడర్ రోజు మంగళవారం వస్తుంది

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మొన్న మీ అమ్మ ఫోన్ చేసింది. "వీడు పౌడర్ కోసం డాలస్‌లో ఉద్యోగం మానేసి మీ ఊరు వచ్చేస్తాడట. అక్కడ దొరకని పౌడర్ ఏమిటిరా అది?" అని అడిగింది. కొత్తగా కురిసి పిండిలా తేలిగ్గా ఉండే మంచును స్కీ పిచ్చివాళ్లు పౌడర్ అంటారని మీ అమ్మకేం తెలుసు! నవ్వు ఆపుకోలేక ఫోన్ మీ అత్త చేతికిచ్చాను. ఆవిడ నవ్వలేదు. పద్దెనిమిదేళ్లుగా ఆ పౌడర్‌తో సవతి పోరు పడుతున్న మనిషి.

నువ్వు అడిగినవి రెండే: మంచు మీద జారడానికి కాళ్లకు ఏ స్కీలు కొనాలి, కొండ మీదికి చేర్చే లిఫ్టులకు ఏ పాస్ తీసుకోవాలి. అవి ఆఖరున చెబుతాను. ముందు సమకూర్చుకోవలసింది వేరే ఉంది.

కిందటి మార్చిలో కొలరాడోలో మోకాలి లోతు కొత్త మంచులో దిగానని, ఒంటికి బరువే లేనట్లు అనిపించిందని రాశావు. సరే, రోగం అంటుకుంది. కానీ అది శనివారం రాత్రి కురిసి ఆదివారం నీకు దొరికిన అదృష్టం. ఇక్కడ యూటాలో, సాల్ట్‌లేక్ పక్కనున్న లిటిల్ కాటన్‌వుడ్ లోయ చివరన ఆల్టా కొండ మీద ఏడాదికి సగటున 500 అంగుళాలకు పైగా మంచు పడుతుంది. 2022-23లో అయితే 903 అంగుళాలు, అంటే 75 అడుగులు. పెరట్లో కొబ్బరిచెట్టు మునిగిపోతుంది. ఆ లెక్క చూసి రోజూ పండగే అనుకుంటారు కొత్తవాళ్లు. తుఫాను వస్తే రెండు రోజులు దంచికొడుతుంది, తర్వాత పది రోజులు జాడ ఉండదు. పడిన మంచు కూడా, లిఫ్టులు కదిలిన రెండు గంటల్లో దుక్కి దున్నిన చేనులా తయారవుతుంది. దక్షిణం వైపు వాలులు మధ్యాహ్నం ఎండకు పైన పెంకు కడతాయి. మర్నాడు నువ్వు ఎక్కేది పేరుకే ఆ కొండ.

కాబట్టి ఈ వ్యవహారంలో కరువైన సరుకు మంచు కాదు, ఖాళీ ఉదయం. ముందు రోజు సాయంత్రం దాకా రూఢి కాని ఏ మంగళవారం ఉదయమో నీ చేతిలో ఖాళీగా ఉండాలి. శని, ఆదివారాల్లో కురిసేది ఊరందరిదీ. నాకు తెలిసిన డాక్టరు ఒకాయనకు కొండ మీదే ఇల్లుంది. మంచు పడిన రోజు ఆయన ఆపరేషన్ గదిలో ఉంటాడు.

పాతకాలం స్కీ పిచ్చివాళ్లు దీనికి ఒక దారి కనిపెట్టారు. రాత్రి లాడ్జీ వంటింట్లో గిన్నెలు కడగడం, పగలు కొండ ఎక్కడం, నలుగురు ఒకే గదిలో పడుకోవడం. వాళ్లంటే నాకు గౌరవమే. కానీ నీకున్నది హెచ్-1బి. ఉద్యోగం పోతే చేతిలో ఉండే గడువు మహా అయితే 60 రోజులు. లిఫ్టు దగ్గర టికెట్లు చూసే పని కూడా ఆ వీసా మీద చేయకూడదు. కంపెనీ మారకపోయినా, మకాం డాలస్ నుంచి సాల్ట్‌లేక్‌కు మారిస్తే సవరించిన పిటిషన్ ముందుగా దాఖలు కావాలి. ఇంట్లో కూర్చుని చేసే పనే కదా అని ఎవరికీ చెప్పకుండా వచ్చి, తర్వాత వకీళ్ల చుట్టూ తిరిగిన కుర్రవాణ్ని నేనెరుగుదును.

నేను పట్టుకున్న దారి వేరు. మా కంపెనీలో హైదరాబాద్ టీముతో రాత్రి పూట పని అంటే అందరూ మొహం చాటేసేవారు. నేను చెయ్యెత్తాను. చలికాలంలో ఇక్కడ రాత్రి ఎనిమిదైతే అక్కడ ఉదయం ఎనిమిదిన్నర. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఐదు దాకా ఇక్కడివాళ్లతో, రాత్రి ఎనిమిది నుంచి పన్నెండు దాకా వాళ్లతో. ఉదయాలు నావి. మంచు పడిన ఉదయం నేను దొరకనని, పని మాత్రం ఆగదని మేనేజరుకు మొదటి నెలలోనే చెప్పేశాను. అబద్ధపు జ్వరాలు నమ్ముకోకు. కొండ మీది ఎండకు ముఖం కమిలి, కళ్లజోడు ఉన్నంత మేర తెల్లగా మిగులుతుంది. మర్నాడు ఆఫీసులో నీ ముఖమే సాక్ష్యం చెబుతుంది. పదోన్నతి రెండుసార్లు పక్కవాడికి పోయింది. మొదటిసారి నిజంగా బాధపడ్డాను, ఆ ఏడాది మంచు కూడా సరిగా పడలేదు మరి.

ఇల్లూ అంతే. లీహైలో కంపెనీలున్నాయి, కొత్త ఇళ్లున్నాయి, మనవాళ్లున్నారు. నేను శాండీలో, లోయ మొదటికి పది నిమిషాల దూరంలో, ఒక పాత ఇల్లు కొన్నాను. గృహప్రవేశానికి వచ్చినవాళ్లు పరామర్శకు వచ్చినట్లు కూర్చున్నారు. వంటింట్లో ఇద్దరు నిలబడితే మూడోవారు గుమ్మంలోనే ఉండాలి. కారు కూడా పాతదే, టైర్లు మాత్రం మంచువి. ఆ రోడ్డు మీద వాటిని తనిఖీ చేస్తారు.

ఆ ఉదయం ఎలా ఉంటుందో చెప్పకపోతే ఇదంతా వట్టి బేరంలా కనబడుతుంది. నాలుగున్నరకు లేస్తాను. కొండ మీద అంగుళాలు గీసిన కొలబద్ద ఒకటి పాతి ఉంటుంది, దాని ముందు కెమెరా. రాత్రి ఎంత పేరుకుందో ఫోన్‌లో చూడవచ్చు. పద్నాలుగు అని కనబడితే ఇక నిద్ర పట్టదు. రాత్రి మిగిలిన చపాతీకి ఆవకాయ రాసి, చుట్టి, చొక్కా లోపలి జేబులో పెట్టుకుంటాను. పైకోటు జేబులో పెడితే పదింటికల్లా అట్టముక్క అవుతుంది. లోయలోకి ఎక్కే 210 నంబరు రోడ్డుకు గేటు వేసి ఉంటుంది. ఆల్టా దాకా ఎనిమిది మైళ్ల చిల్లర దూరం, అందులో మంచు చరియలు రోడ్డు మీదికి దిగే దారులు అరవైకి పైగా. అవి వాటంతట అవి జారకముందే పేల్చి దించుతారు. కార్ల వరుసలో హెడ్‌లైట్లు ఆర్పి కూర్చుంటే చీకట్లో పైనుంచి మోత వినిపిస్తుంది, కారు అద్దం సన్నగా అదురుతుంది. గంట పట్టవచ్చు, నాలుగు గంటలు పట్టవచ్చు. కొన్నాళ్లు గేటు తెరవనే తెరవరు. చపాతీ కారులోనే తిని, ఒంటిగంట మీటింగుకు ఇంటికి రావడమే. పైన లాడ్జీలో ఉన్నవాళ్లకు ఇంకో తంతు. ఇంటర్‌లాడ్జ్ ప్రకటిస్తే, అంటే చరియల భయానికి లోపలే ఉండమంటే, గుమ్మం దాటడం నేరం. 2021 ఫిబ్రవరిలో అలా రెండు రోజులు దాటి తలుపులు మూసుకుని ఉన్నారు.

గేటు తెరిచిన రోజున, మొదటి లిఫ్టు ఎక్కి, అడ్డు కట్టిన తాడు తీసిన వాలు మీద నిలబడతావు. కదిలాక స్కీల చప్పుడు ఉండదు. జల్లెడ పట్టిన బియ్యప్పిండి ఎదురొచ్చినట్లు మంచు ఛాతీ మీదికి లేస్తుంది, నోట్లోకి వస్తుంది, ఊపిరి ఏ మలుపు దగ్గర తీసుకోవాలో చూసుకోవాలి. మూడు నిమిషాలు ఉంటుందేమో.

ఆ మూడు నిమిషాల్లో నా మొదటి ఏడాది ఒక స్కీ పోగొట్టుకున్నాను. పడ్డప్పుడు ఊడి మంచు అడుగున ఎటో వెళ్లింది. అందరూ పక్కనుంచి కేరింతలు కొడుతూ దిగుతుంటే నలభై నిమిషాలు నడుము లోతులో దేవులాడాను. నేను ఆగిన చోట వెతకడమే తప్పు. ఊడిన స్కీ సాధారణంగా మనం ఆగిన చోటికి పైనే ఉంటుంది. అక్కడి నుంచి కర్రతో అడ్డంగా గీతలు గీస్తూ వెతకాలి. రంగు రిబ్బను ఒక గజం ముక్క, బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగుకు కట్టి ప్యాంటు మడతలో దోపుకుంటే ఈ బాధే ఉండదు. మీ అత్త జాకెట్టు గుడ్డల మూటలోంచి ఎర్రది ఒకటి ఇచ్చింది, ఇప్పటికీ అదే.

నీ ఫోటోలు చూశాను. స్కీ కొండ హద్దు తాడు దాటి దిగిన ఆనవాళ్లు ఉన్నాయి. అది నాకు నచ్చలేదు. తాడు లోపల గస్తీవాళ్లు పేల్చి చూసిన మంచు ఉంటుంది. బయట నిన్ను చంపే చరియను చాలాసార్లు నువ్వో నీ పక్కవాడో కదిలిస్తారు. 2021 ఫిబ్రవరి 6న ఇక్కడే మిల్‌క్రీక్ లోయలో నలుగురు పోయారు. పరికరాలు లేక కాదు, అనుభవం లేక కాదు. బయటపడ్డ నలుగురూ మిగతావాళ్లను తవ్వి తీశారు. మంచు కింద మొదటి పది, పదిహేను నిమిషాలు దాటితే బతికే ఆశ వేగంగా సన్నగిల్లుతుంది. యూటా అవలాంచ్ సెంటర్ రోజూ ఉదయం ఇచ్చే చరియల నివేదిక చదవకుండా, మంచు కింది మనిషి జాడ చెప్పే బీకన్, గుచ్చి వెతికే పొడవాటి ప్రోబ్, తవ్వే పార ఈ మూడూ వాడటం నేర్చుకోకుండా తాడు దాటకు. హద్దు లోపల కూడా దేవదారుల మొదళ్ల చుట్టూ గుల్ల మంచు ఉంటుంది. తలకిందులుగా పడితే ఒంటరివాడు లేవలేడు. చెట్ల మధ్య తోడు కనుచూపులో ఉండాలి.

మకాం మార్చకుండా డాలస్ నుంచే వేటాడవచ్చు కదా అంటావేమో. వేటాడవచ్చు. తుఫాను సంగతి కాస్త నమ్మకంగా తెలిసేది రెండు మూడు రోజుల ముందే, అప్పటికి విమానం టికెట్ మండిపోతుంది. దానికి డబ్బు కన్నా సెలవులు ముఖ్యం. మన సెలవులన్నీ ఇండియా ప్రయాణానికే సరిపోతాయి. నేను శీతాకాలం వెళ్లడం మానేసి, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో వెళ్లడం మొదలుపెట్టాను. పద్దెనిమిది సంక్రాంతులు ఊళ్లో లేను. మీ అమ్మమ్మ ఉన్నన్నాళ్లూ ఆ మండుటెండలో పొయ్యి దగ్గర కూర్చుని నా కోసం అరిసెలు వండేది. కొత్త బియ్యం కాదు కాబట్టి పాకం కుదరలేదని తనే అనేది. నేను బాగున్నాయనేవాణ్ని.

మీ అత్త సంగతి కూడా చెప్పాలి. నాకో నోటుబుక్కుంది. తేదీ, ఎన్ని అంగుళాలు, ఏ వాలు, ఎన్నిసార్లు దిగాను, అన్నీ రాస్తాను. కొన్నేళ్ల కిందట పాత పేజీలు తిరగేస్తుంటే 22 అంగుళాలు అని రెండు గీతలు గీసుకున్న ఒక రోజు పక్కన పెన్సిలుతో చిన్న అక్షరాలు కనబడ్డాయి. "పాపకు 102 జ్వరం." ఇంకో చోట, "నీళ్ల పైపు పగిలింది." ఎప్పుడు రాసిందో తెలియదు. అడగలేదు. ఆ రోజు నుంచి ఒక ఏర్పాటు చేసుకున్నాం: ఏడాదికి ఇన్ని ఉదయాలని ముందే ఒప్పందం. మిగిలిన రోజుల్లో 22 అంగుళాలు పడినా టిఫిను చేసేది నేనే.

ఇక నువ్వడిగినవి. స్కీలు వాటి నడుము, అంటే మధ్యభాగం దగ్గర 105 మిల్లీమీటర్ల వెడల్పువి చాలు. వసంతంలో అద్దె దుకాణాలు పాతవి అమ్మేస్తాయి, అవి కొను. డబ్బంతా బూట్లకు పెట్టు. పాస్ కూడా వసంతంలోనే కొనాలి. కౌంటర్ దగ్గర ఒక్కరోజు టికెట్టే 150 డాలర్లు దాటుతోంది. స్నోబోర్డు వేసే నీ స్నేహితుణ్ని ఆల్టాలోకి రానివ్వరు, పక్కన స్నోబర్డ్‌కు పంపు.

మాఘ మాసంలో నీ పెళ్లికి ముహూర్తం పెట్టారని మీ అమ్మ చెప్పింది. నువ్వు గొణిగావట కూడా. గొణగకు, నేనూ వస్తున్నాను, ఫిబ్రవరి అని తెలిసే టికెట్ కొన్నాను. ఈ ఉత్తరం మాత్రం ఇళ్ల ధరలు చూసేలోపే ఆ అమ్మాయికి చదివి వినిపించు, నోటుబుక్కు పేరా దాటవేయకుండా. ఆమె ఏమంటుందో నాకు కాదు, మీ అత్తకు ఫోన్ చేసి చెప్పమను. రేపు తెల్లవారేసరికి గాలి వాయవ్యానికి తిరుగుతుందట, మంచు పడుతుందన్నమాట. నేను ఫోన్‌కు దొరకను.

మీ మామయ్య