జూన్ వచ్చేస్తోంది, మనింట్లో ఆరో క్లాసు

ఎండలు ఇంకా తగ్గలేదు గానీ ఇళ్లల్లో అప్పుడే బడి హడావుడి మొదలైపోయింది. ఈసారి మీరు పంపిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం అయిదు పూర్తి చేసి ఆరుకి వెళ్తున్న పిల్లల గురించే ఉన్నాయి, అందుకే కాలమ్ మొత్తం వాళ్లకే ఇచ్చేస్తున్నా. ఎప్పట్లాగే పేర్లు తీసేశాం.

ప్రశ్న: మా ఊళ్లో అయిదు దాకానే ఉంది మేడమ్. బాబు ఇన్నాళ్లూ ఇంటి పక్క బడికే వెళ్లాడు, టీచర్ గారు మాకు బాగా తెలుసు, వాడు అన్నం తినకపోయినా ఫోన్ చేసి చెప్పేవారు. ఇప్పుడు పక్క ఊరు జడ్పీ హైస్కూల్‌కి పోవాలి, రెండున్నర కిలోమీటర్లు ఉంటుంది. వాడసలే మెతక. బస్సు ఇంటి ముందుకొచ్చే ప్రైవేటు స్కూల్లో వేద్దామా అంటున్నారు వాళ్ల నాన్న. ఏం చెయ్యమంటారు?
(ఒక తల్లి, పల్నాడు జిల్లా)

జవాబు: అమ్మా, అసలు విషయం మీరే రాసేశారు, అన్నం తినకపోయినా ఫోన్ చేసే టీచర్ అని. అయిదు దాకా ఒకళ్లో ఇద్దరో టీచర్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా పిల్లాడ్ని చూస్తూనే ఉంటారు, వాడికి ఒళ్లు వెచ్చబడిందా, ఎవరితోనైనా గొడవ పడ్డాడా, బోర్డు మీద అక్షరాలు కనపడక కళ్లు చిట్లిస్తున్నాడా అన్నీ వాళ్లకి తెలిసిపోతాయి. హైస్కూల్లో తెలుగు, హిందీ, ఇంగ్లీష్, లెక్కలు, సైన్స్, సోషల్ ఒక్కోదానికి ఒక్కో టీచరు, బెల్లు కొడితే ఒకరు వెళ్లి ఇంకొకరొస్తారు. అందరూ మంచివాళ్లే అయినా సరే పిల్లాడ్ని మొత్తంగా చూసే మనిషంటూ అక్కడ ఉండరు. ఆ పని ఈ జూన్ నుంచి ఇంటికొస్తుంది, మీరు రెడీ అవ్వాల్సింది దానికే. ప్రైవేటులో వేసినా ఇదే పద్ధతి, బస్సు గుమ్మంలోకి వచ్చినంత మాత్రాన ఇది మారదు. కాబట్టి దూరం ఒక్కటే కారణమైతే స్కూల్ మార్చొద్దనే చెప్తాను. 6 నుంచి 8 తరగతుల పిల్లలకి 3 కిలోమీటర్ల లోపు బడి ఉండాలని విద్యాహక్కు చట్టం నిబంధనల్లోనే ఉంది, మీది ఆ లోపలే.

బడి తెరవకముందే ఒక పొద్దున వాడితో కలిసి ఆ దారంతా నడవండి, రోడ్డు ఎక్కడ దాటాలి, వానొస్తే ఎక్కడ ఆగాలి, కుక్కలెక్కడ ఉంటాయి ఇవన్నీ వాడి కళ్లతోనే చూడనివ్వండి. మీ ఊరి నుంచి అదే స్కూల్‌కి వెళ్లే ఏడో ఎనిమిదో చదివే పిల్లలు తప్పకుండా ఉంటారు, వాళ్లమ్మతో మీరు మాట్లాడి పెట్టుకుంటే వీడికి తోడు దొరుకుతుంది. బ్యాగు, బూట్లు, యూనిఫాం బట్ట, నోట్‌బుక్కులు సర్కారు కిట్‌లో వస్తాయి కాబట్టి ముందే కొనేసి డబ్బులు పారేసుకోకండి, యూనిఫాం కుట్టించడానికి మాత్రం దర్జీకి ముందే చెప్పి పెట్టుకోండి, జూన్‌లో వాళ్లు అస్సలు దొరకరు. మీ బ్యాంకు ఖాతాకి ఆధార్ లింక్ అయ్యి ఉందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి, బడికెళ్లే పిల్లల తల్లులకి సర్కారు ఇచ్చే తల్లికి వందనం డబ్బులు అందులోనే పడాలి.

బ్యాగు బరువు పిల్లాడి బరువులో పదో వంతు దాటకూడదని 2020లో వచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ చెప్తోంది, 30 కిలోల పిల్లాడికి 3 కిలోలన్నమాట. నడిచి వెళ్లే పిల్లాడికి ఇది మరీ ముఖ్యం. అయిదు దాకా టైంటేబుల్ చూసి పుస్తకాలు సర్దుకునే అలవాటు ఉండదు, అన్నీ కుక్కేసుకుని పోతారు. టైంటేబుల్ రాయించి గోడకి అంటించండి, రాత్రి పడుకునే ముందు వాణ్నే సర్దుకోనివ్వండి, మీరు సర్దిపెట్టకండి, ఒకరోజు ఏదో పుస్తకం మర్చిపోతే మర్చిపోనివ్వండి.

ఇంకోటి, హిందీ. సర్కారు బళ్లల్లో అది ఆరులోనే మొదలవుతుంది, అందరికీ అక్షరాల నుంచే, కాబట్టి మీవాడేం వెనకబడి లేడు. కానీ దసరాకి కూడా అక్షరాలు, గుణింతాలు రాకపోతే ఆ ఇబ్బంది పదో క్లాసు దాకా వెంటాడుతుంది, రోజూ ఓ పావుగంట దానికి ఇవ్వమనండి. లెక్కలు, సైన్స్, సోషల్ పుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లీష్, ఎదురు పక్క అదే పాఠం తెలుగులో ఉంటుంది, ముందు తెలుగు పేజీ చదివి అర్థమయ్యాక ఇంగ్లీష్ పేజీకి వెళ్లమనండి, అంతేగానీ అర్థం కాకుండా బట్టీ పట్టనివ్వకండి.

సాయంత్రం రాగానే "ఇవాళ ఏం చెప్పారు" అని అడిగితే "ఏం లేదు" అనే అంటారు. దానికి బదులు "అన్నం ఎవరితో తిన్నావు, ఎవరి పక్కన కూర్చున్నావు" అని అడగండి. నెల గడిచినా ఒక్క పేరు కూడా రాకపోతే క్లాస్ టీచర్‌ని వెళ్లి కలవండి. ఆయన నంబరు మొదటి వారంలోనే తీసుకోండి, ఏదైనా అయ్యాక వెళ్లడం కంటే ముందే ఒకసారి నమస్కారం పెట్టి మా వాడు కొంచెం మెతక సార్ అని చెప్పి రావడం మంచిది.

ప్రశ్న: నేను ఈ సంవత్సరం ఆరో క్లాసు. హైస్కూల్లో పెద్ద అన్నయ్యలు కొడతారంట, సార్లు కూడా కర్రతో కొడతారంట. నిజమేనా? మా ఇంట్లో చెప్పలేదు.
(కర్నూలు జిల్లా నుంచి, పేరు వేయొద్దన్నాడు)

జవాబు: నాన్నా, అడిగి చాలా మంచి పని చేశావు. ఎక్కువ మంది అన్నయ్యలకి నిన్ను పట్టించుకునే టైమే ఉండదు, వాళ్ల పరీక్షలు, వాళ్ల కబడ్డీ వాళ్లవి. ఎవడైనా ఒకడు డబ్బులు తెమ్మన్నా, కొట్టినా, ఎవరికైనా చెప్తే చంపేస్తా అన్నా, అదే రోజు ఇంట్లో చెప్పెయ్, అది చాడీలు చెప్పడం అవ్వదు. టీచర్లు కొట్టకూడదని చట్టమే ఉంది, విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షన్, కొట్టడమే కాదు పదిమందిలో అవమానించడం కూడా తప్పే. ఇంట్లో చెప్పలేకపోతే 1098కి ఫోన్ చెయ్, పిల్లల కోసమే పెట్టిన నంబర్ అది, డబ్బులు పడవు, రాత్రయినా ఎత్తుతారు. మొదటి రోజు ఇంటర్వెల్‌లో టాయిలెట్ ఎక్కడ, మంచినీళ్లెక్కడ, స్టాఫ్ రూమ్ ఎక్కడ చూసి పెట్టుకో. ఈ పేజీ అమ్మకి చూపించు, నువ్వే రాశావని చెప్పకపోయినా పర్లేదు.

ప్రశ్న: మా అమ్మాయి లెక్కల్లో చురుకు. ఆరు నుంచే ఐఐటీ ఫౌండేషన్ ఉన్న రెసిడెన్షియల్‌లో వెయ్యాలని చూస్తున్నాం. ఈ వారంలో అడ్వాన్స్ కడితే ఫీజు తగ్గిస్తామని, లేటయితే సీట్లుండవని పీఆర్వో రోజూ ఫోన్ చేస్తున్నాడు. అప్పు చేసైనా వేద్దామనుకుంటున్నా. మీ సలహా?
(ఓ తండ్రి, హన్మకొండ)

జవాబు: అప్పు మాత్రం చెయ్యకండి, దయచేసి. ఐఐటీలో చేరడానికి రాసే జేఈఈ పరీక్ష సిలబస్ 11, 12 తరగతులది, అంటే మన ఇంటర్ రెండేళ్లది. మీ పాప ఇంటర్‌లో చేరడానికి ఇంకా అయిదేళ్లు ఉంది. ఆరులో లెక్కలు బాగా వచ్చే పాపకి గట్టిపడాల్సినవి భిన్నాలు, దశాంశాలు, నిష్పత్తులు, రుణ సంఖ్యలు, ఇంకా అక్షరాలతో లెక్క రాయడం అంటే బీజగణితం మొదటి మెట్టు. ఇవి ఏ మంచి లెక్కల టీచరైనా మామూలు బళ్లోనే చెప్తారు. హైస్కూల్లో లెక్కలు చెప్పిన రోజుల్లో ఎనిమిదో క్లాసులో సమీకరణాల దగ్గర ఆగిపోయే పిల్లల్ని చాలామందిని చూశాను, తీరా దగ్గర కూర్చోబెట్టుకుంటే వాళ్ల ఇబ్బంది సమీకరణం కానే కాదు, మూడు బై నాలుగులోంచి రెండు బై మూడు తీసెయ్యడం రాకపోవడం. పేరు ఫౌండేషనే గానీ కొన్నిచోట్ల పై క్లాసు పాఠాలు ముందే చెప్పేసి మెటీరియల్ మీద మెటీరియల్ చేయిస్తారు, కింద భిన్నాలు అలా వదులుగానే ఉండిపోతాయి.

పాప నిజంగా చురుకైతే ఆమెకి కావాల్సింది స్పీడు కాదు. ఒక లెక్క చేశాక "ఇంకో దారిలో చెయ్యి చూద్దాం" అనండి, "ఇలాంటి లెక్క నువ్వే ఒకటి తయారు చెయ్యి" అనండి, అది సరదాగా చేస్తుంటే మీ ఇంట్లోనే ఫౌండేషన్ పడుతున్నట్టు.

ఇక హాస్టల్. పదకొండేళ్ల పిల్ల. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలంటారు డాక్టర్లు. ఆ పీఆర్వోని ఒక్క ప్రశ్న అడగండి, పొద్దున స్టడీ అవర్ ఎన్నింటికి మొదలు, రాత్రి ఎన్నింటికి లైట్లు ఆర్పుతారు అని, మిగిలిన గంటలు మీరే లెక్కేసుకోండి. ఇంటికి ఫోన్ వారానికి ఎన్నిసార్లు, జ్వరమొస్తే ఎవరు చూస్తారు, రాత్రి వార్డెన్ ఆడమనిషేనా, బాత్రూములు చెప్పకుండా వచ్చి చూడొచ్చా, మధ్యలో మానేస్తే కట్టిన డబ్బు ఎంత వెనక్కిస్తారో కాగితం మీద రాసిస్తారా, ఇవన్నీ అడిగాకే మాట్లాడండి. వారంలో కట్టకపోతే పోయే సీటు పోనివ్వండి. మొదటి ప్రశ్నకి జవాబులో చెప్పినట్టు ఈ వయసులో పిల్లని మొత్తంగా చూసే మనిషి ఇంట్లోనే ఉంటారు, ఆ మనిషి నుంచే దూరం పంపాలంటే అంతకంటే పెద్ద కారణం కావాలి, నాకైతే ఐఐటీ ఆ కారణం అనిపించదు. సర్కారు రెసిడెన్షియల్ కావాలనుకుంటే నవోదయలో తొమ్మిదో క్లాసుకి కూడా ప్రవేశ పరీక్ష ఉంటుంది, అప్పటికి పాప కూడా తన మాట చెప్పే వయసుకి వస్తుంది.

ప్రశ్న: మా పాపకి పదకొండు నిండాయి. స్కూల్లో ఉండగా పీరియడ్ వస్తే ఎలా అని నాకు దిగులు. ముందే చెప్తే భయపడుతుందేమో, చిన్నపిల్లకి ఇప్పుడెందుకు అని మా అత్తగారు అంటున్నారు.
(కాకినాడ నుంచి)

జవాబు: ఇప్పుడే చెప్పండి, ఈ సెలవుల్లోనే. ముందే తెలిసిన పిల్ల కంగారు పడుతుంది అంతే, తెలియని పిల్ల తనకేదో జబ్బు చేసిందనుకుని క్లాసులో ఎవరికీ చెప్పకుండా బెంచీ మీద అలాగే కూర్చుండిపోతుంది. పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు, ఇది ఆడపిల్లలందరికీ వస్తుంది, నాకూ వచ్చింది, అమ్మమ్మకీ వచ్చింది, దెబ్బ తగిలి వచ్చే రక్తం కాదు, నాలుగైదు రోజులుంటుంది అని చెప్పి ప్యాడ్ ఎలా పెట్టుకోవాలో చేసి చూపించండి. బ్యాగులో ఒక చిన్న పౌచ్‌లో రెండు ప్యాడ్లు, ఒక లోదుస్తు, చుట్టి పారేయడానికి కాగితం పెట్టండి. స్కూల్లో ఏ మేడమ్‌కి చెప్పాలో పేరుతో సహా తనకి తెలిసుండాలి. మగపిల్లలున్న తల్లులు కూడా మీ అబ్బాయికి ఇది చెప్పండి, క్లాసులో ఏ పిల్లయినా ఇబ్బంది పడితే నవ్వకుండా ఉంటాడు.

అత్తగారితో గొడవ పెట్టుకోకండి, ఆవిడ కాలంలో ఎవరూ చెప్పలేదు కాబట్టి అలా అంటున్నారు, ఆవిడకి ఎలా తెలిసిందో మెల్లగా అడిగి చూడండి. పెద్దమనిషి అయ్యాక తొమ్మిది రోజులో పదకొండు రోజులో కూర్చోబెట్టడం మన ఇళ్లల్లో ఉంది, ఫంక్షన్ చేసుకోవాలనుకుంటే చేసుకోండి, సరదా ఎవరు కాదంటారు, కానీ అది దసరా సెలవులకో సంక్రాంతికో పెట్టుకోండి. ఒంట్లో బాగుంటే పాపని రెండు మూడు రోజుల్లో బడికి పంపెయ్యండి. కొత్త సబ్జెక్టులు మొదలైన ఏడాది అన్ని రోజులు పోతే మళ్లీ అందుకోవడం కష్టం, పైగా వారంన్నర తర్వాత వెళ్తే ఎందుకు రాలేదో క్లాసంతా తెలిసిపోతుంది, పిల్లలకి అదే ఎక్కువ బాధ.

సర్కారు బళ్లో అయితే ఆరు నుంచి వారానికోసారి నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తారు. చాలామంది పిల్లలు చెత్తబుట్టలో వేసేస్తారు, ఇంట్లో అడగండి. అన్నం తిన్నాకే వేసుకోవాలి, మోషన్ నల్లగా వస్తే భయపడక్కర్లేదు.

ప్రశ్న: నా కొడుకు, కోడలు దుబాయిల ఉంటరు. మనుమడు నా తాననే ఉంటడు, ఇప్పుడు ఆరో తరగతికి పోవాలె. పాత బడి కాయిదంల పేరు ఒక తీరు ఉన్నది, ఆధార్‌ల ఒక తీరు ఉన్నది. ఏదో నంబరు ఆన్‌లైన్‌ల రాలే అంటున్రు. సంతకం ఎవరు వెట్టాలె? నాకు సదువు రాదు, పక్కింటి పిల్లతోని రాయిస్తున్న.
(జగిత్యాల జిల్లా నుంచి)

జవాబు: ఇది చదివి వినిపిస్తున్న పాపకి ముందుగా నా థాంక్స్. అమ్మా, మొదట పేరు సంగతి, అదే అన్నిటికంటే పెద్దది. కొత్త బళ్లో అడ్మిషన్ రిజిస్టర్‌లో పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఎలా రాస్తారో రేపు పదో క్లాసు మెమోలో కూడా అలాగే వస్తుంది, అప్పుడు మార్చాలంటే ఆఫీసుల చుట్టూ తిరగాలి. పుట్టిన సర్టిఫికెట్ ఉంటే దాంట్లో ఉన్నట్టే అన్నిట్లో ఉండాలి, ఆధార్‌లో తప్పుంటే బడి తెరవకముందే ఆధార్ సెంటర్‌లో దిద్దించండి. వెళ్లినప్పుడు మనవడి వేలిముద్రలు కూడా అప్‌డేట్ చేయించండి, 5 ఏళ్లు నిండాక ఒకసారి, 15 నిండాక ఒకసారి అది తప్పనిసరి, మొదటిది చాలామంది మర్చిపోతారు.

ఆన్‌లైన్‌లో రాలేదన్న నంబరు పెన్ అయి ఉంటుంది, దేశం మొత్తం మీద పిల్లాడికి ఒకటే ఉండే చదువు నంబరు. పాత బడి వాళ్లు కంప్యూటర్‌లో పిల్లాడ్ని తమ బడి నుంచి వదిలితేనే కొత్త బడి వాళ్లకి కనిపిస్తాడు. పాత హెడ్‌మాస్టర్‌ని కలిసి అది అడగాలి, మీరు చేసేదేమీ లేదు అందులో. టీసీ రావడం లేటయిందని బళ్లో చేర్చుకోము అనకూడదు, చట్టం ఒప్పుకోదు, ఎవరైనా అలా అంటే మండల విద్యాధికారికి చెప్పండి.

సంతకానికి, మీ కొడుకుని ఒక తెల్ల కాగితం మీద "మా అబ్బాయి బడి విషయాలన్నీ మా అమ్మ చూసుకుంటుంది" అని రాసి సంతకం పెట్టి వాట్సాప్‌లో పంపమనండి, ప్రింట్ తీసి బళ్లో ఇవ్వండి. మీ వేలిముద్ర చాలు, సదువు రాదని మీరు వెనక్కి తగ్గకండి. క్లాస్ టీచర్ నంబర్ కొడుక్కి పంపించండి, వారానికోసారి మీ కొడుకే మాట్లాడాలి, ఆ మాట ఆయనకి నేను చెప్పానని చెప్పండి. జూన్‌లో బడిబాట అని టీచర్లు ఊళ్లోకి వస్తారు కదా, అప్పుడు ఆధార్, పాత బడి కాగితం, పుట్టిన సర్టిఫికెట్ మూడూ వాళ్లకి చూపించి ఎక్కడ తేడా ఉందో అక్కడే రాయించుకోండి.