గోదావరి డెల్టాలోని పాత రేవు భవనాలను పర్యాటకుల బసగా మార్చవచ్చా?

మార్చవచ్చు, కానీ ముందు ఆ గోడల స్వభావం తెలుసుకోవాలి. డచ్చివారు పాలకొల్లు, కాకినాడ జగన్నాథపురాల్లోనూ, ఆంగ్లేయులు నరసాపురం పక్కనున్న మాధవాయిపాలెంలోనూ, ఫ్రెంచివారు 1954 దాకా తమ చేతిలో ఉన్న యానాంలోనూ వర్తక స్థావరాలు నడిపారు. ఓడల తయారీకి పేరుపొందిన కోరంగిని 1789, 1839 ఉప్పెనలు ఊడ్చేశాయి. ఆపై నది మేట వేసి రేవు పూడిపోవడంతో వ్యాపారం కాకినాడకు తరలింది. అందువల్ల ఇక్కడ మిగిలినవి తక్కువే, ఉన్న ప్రతి గోడా విలువైనదే.

ఆ కాలపు కట్టడాలు ఇటుకతో, గానుగ సున్నంతో కట్టినవి. నేలలోని ఉప్పునీరు గోడలోకి ఎగబాకి, సున్నపు పూత గుండా ఆవిరై బయటికి పోతుంది. దానిపై సిమెంటు పూస్తే తేమ లోపలే నిలిచి, ఉప్పు స్ఫటికాలుగా గట్టిపడి ఇటుకను పొడిపొడిగా రాలుస్తుంది. మోకాలెత్తున తెల్లటి ఉప్పుపొడి, దాని కింద బోలుగా మోగే పూత కనిపిస్తే కారణం చాలావరకు ఇదే. ఆ సిమెంటు తీసేసి, గోడను ఆరనిచ్చి, మళ్లీ సున్నమే పూయాలి. ఏసీ పైపుల కోసం గోడలు తొలచడం, స్నానాల గదులను పాత గోడకు ఆనించి కట్టడం నాకు సమ్మతం కాదు.

తమిళనాడులోని తరంగంబాడిలో వలసపాలన కాలపు సముద్రతీర బంగళాను ఇలాగే హోటలుగా నిలబెట్టారు. మన తీరంలో పని మొదలుపెట్టే ముందు తీరం వెంబడి నిర్మాణాలను నియంత్రించే సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ జోన్) నిబంధనలు వర్తిస్తాయేమో తప్పక చూసుకోవాలి.