పాత డ్రైవర్ల కోడ్‌తో కెరీర్ మొదలుపెట్టవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి కంప్యూటర్ సైన్స్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ఉంది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నల్‌లో, పాత హార్డ్‌వేర్‌ను నడిపే ప్రోగ్రాముల (డ్రైవర్ల) నిర్వహణ చూసే బృందంలో ఉద్యోగం వచ్చింది. తోటివారంతా కృత్రిమ మేధ వైపు వెళ్తుంటే, ఈమె కాలం చెల్లిన పరికరాల కోడ్ పట్టుకుని వెనకబడిపోతుందేమోనని మా భయం. చేరమనమంటారా?
– ఒక తండ్రి

జవాబు: చేరమనే చెబుతాను. అయితే ఒప్పుకునే ముందు ఆమె కొన్ని విషయాలు కనుక్కోవాలి. వాటికి తర్వాత వస్తాను.

పాత డ్రైవర్ అంటే ఎవరూ వాడని డ్రైవర్ అనుకోవడం పొరపాటు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో డేటాను ఒక్కో బిట్‌గా పంపే సీరియల్ పోర్టును నడిపింది 8250 అనే చిప్. దాని వారసులు నేటి ఎంబెడెడ్ బోర్డుల్లోనూ, వర్చువల్ మెషీన్లలోనూ కొనసాగుతున్నాయి కనుక ఆ పేరుతో ఉన్న డ్రైవర్ లినక్స్‌లో ఇప్పటికీ పనిచేస్తోంది. ఎదురుగా ఉన్నది ఏ చిప్పో తేల్చుకోవడానికి అది మొదట వచ్చిపోయే డేటాను వరుసగా ఆపి ఉంచే ఫిఫో బఫర్‌ను ఆన్ చేసి, చిప్ ప్రాసెసర్‌ను ఎందుకు పిలిచిందో చెప్పే ఇంటరప్ట్ గుర్తింపు రిజిస్టర్‌లోని పై రెండు బిట్లను చదువుతుంది. రెండూ సున్నాలైతే బఫర్ లేని పాత చిప్. పై బిట్ ఒక్కటే 1 అయితే బఫర్ ఉన్నా సరిగా పనిచేయని 16550 అనే తర్వాతి చిప్. రెండూ 1 అయితే ఆ లోపాన్ని సరిదిద్దిన 16550ఏ తరగతి. ఈ కొద్ది వరుసల్లో తొందరపడి ఒక్క మార్పు చేస్తే, మీ అమ్మాయి ఎన్నడూ చూడని యంత్రాల్లో సందేశాలు చూపి ఆదేశాలు తీసుకునే కన్సోల్ మూగబోవచ్చు. పరికరం చేతిలో లేకుండా, డేటాషీటునూ మార్పుల చరిత్రనూ చదివి, ఆ వరుస అక్కడ ఎందుకుందో గ్రహించి, దేన్నీ చెడగొట్టకుండా మార్చగలగడమే ఈ ఉద్యోగం నేర్పే అసలు విద్య. అది అలవడినవారు తక్కువ, అవసరం మాత్రం ఎక్కువ.

ఎవరూ ముట్టుకోకుండా వదిలేస్తే పాత కోడ్ దానంతట అది నడుస్తుందనుకోవడానికీ వీల్లేదు. లినక్స్ కెర్నల్ లోపలి ఇంటర్‌ఫేస్‌లు, అంటే దాని భాగాలు ఒకదాన్నొకటి పిలుచుకునే పద్ధతులు, స్థిరంగా ఉండవు. 2017లో టైమర్ ముగిసినప్పుడు కోడ్‌ను పిలిచే (కాల్‌బ్యాక్) పద్ధతి మారినప్పుడు వందల చోట్ల డ్రైవర్లను సవరించవలసి వచ్చింది. భద్రత సంగతి ఇంకా ముఖ్యం. సీరియల్ లైన్లకు చెందిన ఎన్_హెచ్‌డీఎల్‌సీ మాడ్యూల్‌లో (అవసరమైనప్పుడు కెర్నల్‌లోకి ఎక్కే కోడ్ భాగంలో) 2009లో చొరబడిన ఒక లోపం 2017లో బయటపడింది. అందుకు తగిన పరికరం లేని యంత్రంలో కూడా మామూలు యూజర్ ఆ మాడ్యూల్‌ను లోడ్ చేయించి, రూట్ అధికారం, అంటే యంత్రంపై పూర్తి పెత్తనం, దక్కించుకునే వీలుండేది. పట్టించుకునేవారు లేని కోడ్ ఎంత ప్రమాదకరమో ఇంతకంటే వేరే చెప్పనక్కర్లేదు.

ఇక మీ భయంలో నిజం లేకపోలేదు. కొన్ని డ్రైవర్లను ఏదో ఒక రోజు తీసేస్తారు. పాత హార్డ్‌డిస్కులను నడిపిన ఐడీఈ డ్రైవర్ల విభాగాన్ని 2021లో మొత్తంగా తొలగించారు. అందుచేత ఆమె తన పేరును ఒక పరికరంతో ముడివేసుకోకూడదు. ఇంటరప్టులు, లాకింగ్ (ఒకే డేటాను ఇద్దరు ఒకేసారి మార్చకుండా ఆపడం), డీఎంఏ (పరికరం నేరుగా మెమరీని వాడుకోవడం), మెమరీ నిర్వహణ వంటి ఎక్కడికైనా వెంట వచ్చే విషయాలను ఈ పని ద్వారా గట్టిగా పట్టుకోవాలి. కృత్రిమ మేధ లెక్కలను వేగంగా చేసే కొత్త యాక్సిలరేటర్లకు డ్రైవర్లు రాసేవారికి కావలసిందీ ఇదే పరిజ్ఞానం.

చేరేముందు బృందం మేనేజరును సూటిగా అడగవలసినవి: ఆమె రాసిన మార్పులు (ప్యాచ్‌లు) ఆమె పేరుతోనే ప్రధాన కెర్నల్‌కు వెళ్తాయా, లేక సంస్థ విడిగా ఉంచుకున్న పాత కెర్నల్ కాపీలోనే ఉండిపోతాయా? పరీక్షించడానికి అసలు హార్డ్‌వేర్ గానీ, కనీసం హార్డ్‌వేర్‌ను అనుకరించే క్యూఈఎంయూ వంటి ఎమ్యులేటర్ గానీ ఉందా? ఆమె కోడ్‌ను సమీక్షించే అనుభవజ్ఞులు బృందంలో ఉన్నారా? వీటిలో మొదటిదే నాకు అన్నిటికన్నా ముఖ్యం. పేరుతో వెళ్లిన ప్రతి ప్యాచ్, దాని వెనుక జరిగిన చర్చ అందరికీ కనిపించేలా నిలిచి ఉంటాయి. తర్వాతి ఉద్యోగానికి అంతకు మించిన పరిచయపత్రం ఉండదు. పని అంతా సంస్థ గోడల మధ్యే ఉండిపోయేట్టయితే, ఇతర అంశాలు ఎంత బాగున్నా నేను వేరే అవకాశం చూడమంటాను.

చేరేలోగా ఆమె కెర్నల్‌లోని మెయింటైనర్స్ ఫైల్ (ఏ కోడ్‌ను ఎవరు చూసుకుంటారో చెప్పే జాబితా) తెరిచి, 'ఆర్ఫన్' (చూసుకునేవారు లేనిది) అని గుర్తుపెట్టిన డ్రైవర్లలో ఒక చిన్నదాన్ని ఎంచుకుని, కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో దాని మార్పులను మొదటి నుంచి వరుసగా చదవాలి. అలా చదువుతుంటే విసుగు కాకుండా ఆసక్తి పుడితే, మీరు సందేహించకుండా పంపించండి.