కీమో తరువాత అల్లిక: తిమ్మిరి వేళ్లకు తగిన సూది

నమస్కారం. కీమోథెరపీ తరువాత మీ అమ్మగారి వేళ్లు తిమ్మిరెక్కి, నరసాపురం లేసు అల్లే సన్న సూది చేతిలో నిలవడం లేదని, ఇష్టమైన పని పోయిందని ఆమె దిగులు పడుతున్నారని రాశారు. ఆమె అల్లిక మానవలసిన అవసరం లేదు. సన్న పని మానితే చాలు.

5 లేదా 6 మిల్లీమీటర్ల లావున్న క్రోషియా సూది (కొన కొక్కెంలా ఉండేది), దానికి తగిన లావుపాటి నూలుదారం తెప్పించండి. సూదికి రబ్బరు పిడి ఉంటే స్పర్శ సరిగా తెలియని వేళ్లకు కూడా పట్టు దొరుకుతుంది. ముదురు రంగులో కుట్లు కంటికి ఆనవు కనుక లేత రంగు ఎంచుకోండి. విశాఖ ఉక్కపోతలో ఊలు చెమట చేతులకు అంటుకుంటుంది, నూలే మేలు. రెండు సూదుల అల్లికలో కుట్లన్నీ సూది మీదే నిలిచి ఉంటాయి, జారితే విడిపోతాయి. క్రోషియాలో సాధారణంగా తెరిచి ఉండేది ఒక్క ఉచ్చే కనుక నీరసం వచ్చిన క్షణాన పక్కన పెట్టేయవచ్చు. అలసిన మనిషికి ఇది ఎంత ఊరటో మా అత్తగారి పక్కన కూర్చుని చూశాను. ఆవిడ మొదట అల్లిన అరచేతి వెడల్పు గ్లాసు మూతను, చూడవచ్చిన వారందరికీ నెలరోజులు మురిపెంగా చూపించారు.

పది నిమిషాలతో మొదలుపెట్టించండి. తెల్ల రక్తకణాలు తక్కువగా ఉన్నప్పుడు చిన్న గాయమైనా ఇన్ఫెక్షన్‌కు దారితీయవచ్చు కనుక కత్తెర, మొనసూది పని మీరే చేయండి. తిమ్మిరి పెరిగితే వెంటనే డాక్టరుగారికి చెప్పండి.