కంపెనీ మాట తప్పిందని ఈఎంఐ ఆపేస్తే నష్టం ఎవరికి?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. ఖమ్మంలో ప్రైవేటు ఉద్యోగం, జీతం రూ.31,000. ఆరు నెలల క్రితం ఒక మొబైల్ కంపెనీ స్టోర్‌లో రూ.42,000 ఫోను తీసుకున్నాను. నెలకు రూ.3,500 చొప్పున 12 ఈఎంఐలు, ఆరు కట్టేశాను. దాంతోపాటే రూ.699 పోస్ట్‌పెయిడ్ ప్లాన్ అంటగట్టారు. నాన్నకు, చెల్లికి రెండు సిమ్‌లు రెండేళ్లు ఉచితమన్నారు. పాత ఫోనుకు ఎక్స్ఛేంజ్ బోనస్ రూ.3,000 మూడు నెలల్లో ఖాతాలో పడుతుందన్నారు. ఆ బోనస్ రాలేదు. మూడో బిల్లు నుంచి ఒక్కో సిమ్‌కు రూ.199 వేస్తున్నారు. స్టోర్‌కి వెళ్తే ‘ఆ మాట చెప్పిన అబ్బాయి మానేశాడు’ అన్నారు. కోపమొచ్చి రెండు బిల్లులు కట్టలేదు. వేరే కంపెనీకి మారదామంటే బకాయి ఉందని పోర్ట్ తిరస్కరించారు. ఇప్పుడు ఈఎంఐ కూడా ఆపేస్తేనే వాళ్లకు బుద్ధొస్తుందనిపిస్తోంది. లేదా ఒక లోన్ యాప్‌లో రూ.25,000 ఇస్తామంటున్నారు. చేతికి వచ్చేది రూ.22,300, నెలకు రూ.9,200 చొప్పున మూడు నెలలు కట్టాలి. అది తీసుకుని అన్నీ ఒకేసారి మూసేయనా? ఇంటి ఖర్చు రూ.18,000, చీటీ రూ.5,000, సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) రూ.2,000. సిప్‌లో రూ.14,000 దాకా జమైంది. సేవింగ్స్‌లో రూ.1,800 ఉన్నాయి.

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది చివరి వాక్యం. ఆరు నెలలుగా ఒక కంపెనీతో గొడవపడుతున్న మనిషి ఖాతాలో ఉన్నది 1,800. మీకు జరిగింది అన్యాయమే, అందులో అనుమానం లేదు. కానీ ఆ అన్యాయం మీద నిలబడి కొట్లాడటానికి చేతిలో డబ్బు లేక, మిమ్మల్ని మీరే దెబ్బతీసుకునే దారులు రెండు వెతుక్కున్నారు. ఇలాంటి ఉత్తరాలు తరచూ వస్తుంటాయి. వస్తువు మారుతుంది, పొరపాటు మాత్రం ఇదే. అందుకే మీ ప్రశ్నకు ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఈఎంఐ సంగతి. మీరు స్టోర్‌లో ఒకే బల్ల దగ్గర కూర్చుని సంతకాలు పెట్టినా, అవి రెండు వేర్వేరు ఒప్పందాలు. సిమ్, ప్లాన్ మొబైల్ కంపెనీతో. ఫోను డబ్బు ఫైనాన్స్ కంపెనీ ఇచ్చిన అప్పు. ఫోను మీ చేతికొచ్చింది, పనిచేస్తోంది. మీరు కిస్తీ ఆపితే మొబైల్ కంపెనీకి చీమ కుట్టినట్టయినా ఉండదు. మీ ఖాతాలో డబ్బు లేక ఆటో డెబిట్ తిరిగిపోతే బ్యాంకు ఒక చార్జీ వేస్తుంది, ఫైనాన్స్ కంపెనీ ఇంకో చార్జీ వేస్తుంది. ఆ ఎగవేత మీ అప్పుల చరిత్ర చూపే క్రెడిట్ రిపోర్టులోకి ఎక్కుతుంది.

అదేమంత పెద్ద విషయమా అనుకోకండి. నా దగ్గరకొచ్చిన ఒక నర్సు వాషింగ్ మెషీన్ సరిగా పనిచేయలేదన్న కోపంతో చివరి మూడు కిస్తీలు ఆపేసింది. ఇంటి రుణానికి వెళ్లినప్పుడు ఆ మూడు కిస్తీలే బయటపడ్డాయి. వడ్డీ అర శాతం ఎక్కువ పడింది. రూ.25 లక్షలు, 20 ఏళ్లకు 8.5 శాతం వడ్డీతో నెల వాయిదా దాదాపు రూ.21,700. అదే 9 శాతమైతే రూ.22,500. నెలకు 800 తేడా అంటే 20 ఏళ్లలో లక్షా 90 వేల పైమాటే. వాషింగ్ మెషీన్ మీద కోపానికి ఆ ఇల్లు కడుతున్న మూల్యం అది.

ఇక లోన్ యాప్. దయచేసి ఆ యాప్‌ను ఈ రోజే ఫోన్‌లోంచి తీసేయండి. చేతికొచ్చేది 22,300, తిరిగి కట్టేది 27,600. మూడు నెలలకు 5,300 పోతోంది. మీకు కంపెనీ ఎగ్గొట్టిందెంత? రెండు సిమ్‌లకు నెలకు 398, జీఎస్టీతో 470. నాలుగు బిల్లులకు దాదాపు 1,880. బోనస్ 3,000 కలిపితే 4,880. ఆ 4,880 కోసం 5,300 వదులుకుంటారా? పైగా ఆ డబ్బు సరిపోదు కూడా. మిగిలిన కిస్తీలు 21,000, రెండు బిల్లుల బకాయి రూ.2,589, అప్పుడే 23,589 అయింది. ఆలస్య రుసుములు, ముందే మూసేస్తే పడే చార్జీలు వేరే. అన్నిటికీ మించి, 31,000 జీతంలోంచి మూడు నెలలపాటు 9,200 తీస్తే ఇంటి ఖర్చుకు, చీటీకి చాలక రెండో నెలలో ఇంకో యాప్ తెరుస్తారు. అలా ఒకదాని మీద ఒకటి ఐదారు యాప్‌ల దాకా వెళ్లినవాళ్లను చూశాను. మొదటి అప్పు ఎందుకు చేశారో వాళ్లలో చాలామందికి గుర్తే లేదు.

మరి ఏం చేయాలి? సిప్‌లో ఉన్న 14,000లోంచి 5,000 తీయండి. బకాయి రెండు బిల్లులూ పూర్తిగా కట్టేయండి. తప్పు బిల్లు ఎందుకు కట్టాలని మీకు మండుతుందని తెలుసు. అయినా కట్టండి. కట్టిన రోజే కంపెనీకి ఒక మెయిల్ పెట్టండి: ‘అదనపు సిమ్‌ల చార్జీపై నా అభ్యంతరం అలాగే ఉంది, సేవ ఆగకుండా ఉండేందుకు మాత్రమే కడుతున్నాను’ అని. బకాయి లేనివాడి ఫిర్యాదులో కంపెనీ వంక పెట్టడానికేమీ ఉండదు. పోర్ట్ దారి కూడా తెరుచుకుంటుంది.

తర్వాత ఫిర్యాదు. స్టోర్ చుట్టూ తిరగడం మానేయండి. కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు నమోదు చేసి డాకెట్ నంబర్ (ఫిర్యాదు సంఖ్య) తీసుకోండి. అక్కడ తేలకపోతే 30 రోజుల్లోగా అదే కంపెనీలో అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి వెళ్లండి, రుసుము లేదు. 39 రోజుల్లో తేల్చాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనలు చెబుతున్నాయి. నేరుగా ట్రాయ్‌కే రాస్తామని కొందరు అంటుంటారు. విడి విడి ఫిర్యాదులను ట్రాయ్ విచారించదు. కానీ ప్లాన్‌లో చేరిన ఆరు నెలల్లోపు వినియోగదారుడికి నష్టం కలిగేలా టారిఫ్ పెంచకూడదన్న నిబంధన దానిదే. మీకు మూడో బిల్లుకే చార్జీ పడింది కాబట్టి ఆ మాట ఫిర్యాదులో తప్పకుండా రాయండి.

అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ తర్వాత ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్. ఫోన్ బిల్లుల తగాదాలు అక్కడ చెల్లవని ఎవరైనా అంటే నమ్మకండి. 2009 నాటి ఒక తీర్పు పట్టుకుని ఇంకా అలా చెప్పేవాళ్లున్నారు. మొబైల్ కంపెనీలపై కూడా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చని 2022 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు తేల్చేసింది. 2019 చట్టం ప్రకారం మీరు ఉంటున్న ఊళ్లోనే కేసు వేయొచ్చు. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. రెండేళ్ల గడువుంది.

మీరు పంపిన ఫొటో చూశాను. కరపత్రం వెనక నీలం పెన్నుతో ‘2 సిమ్‌లు ఫ్రీ, 24 నెలలు, ఎక్స్ఛేంజ్ 3,000’ అని రాసి, కింద స్టోర్ ముద్ర, తేదీ ఉన్నాయి. చెప్పిన అబ్బాయి మానేసినా ముద్ర స్టోర్‌దే. మీ కేసుకు ప్రాణం ఆ కాగితం.

ఇదంతా తేలడానికి నెలలు పట్టొచ్చు. అన్నాళ్లూ బిల్లు, కిస్తీ తప్పకుండా కడుతూ పోవాలంటే పక్కన డబ్బుండాలి. అందుకే ఎవరు ఏ ప్రశ్న పంపినా నేను అత్యవసర నిధి దగ్గరికే వస్తాను. మీ చేతిలో 70,000 ఉండి ఉంటే ఈ బిల్లు మీకు చిరాకు మాత్రమే అయ్యేది. రూ.1,800 ఉండబట్టి ఆపద అయింది. అసలు మూడు నెలల ఖర్చు పక్కన లేకుండా, జీతాన్ని మించిన ఫోను వాయిదాల్లో కొనడమే మొదటి తప్పు. మాట తప్పింది కంపెనీయే, కానీ ఆ తప్పు మీదేనని చెప్పక తప్పదు.

ఇప్పుడైనా మొదలుపెట్టండి. మీ నెల ఖర్చు, కిస్తీ, ఫోను బిల్లు కలిపి 22,500 అనుకుంటే మూడు నెలలకు 67,500 కావాలి. సిప్ ఆపండి. ఆ 2,000కు ప్రస్తుతం మిగులుతున్న 1,200 కలిపి నెలకు 3,200 వేరే బ్యాంకు ఖాతాలో వేయండి, దానికి యూపీఐ కలపకండి. ఆరు నెలల్లో 19,200 అవుతుంది. అప్పటికి ఈఎంఐ అయిపోతుంది. ఆ 3,500 కూడా ఇందులోనే వేయాలి, కొత్త ఫోను కిస్తీకి కాదు. అక్కడి నుంచి నెలకు 6,700. పద్నాలుగో నెల నడిచేసరికి లెక్క నిండుతుంది. చీటీని నష్టానికి పాడుకోకండి, వంతు వచ్చినప్పుడు ఆ డబ్బూ ఇక్కడికే. ఇంట్లోవాళ్లకు ఆరోగ్య బీమా లేకపోతే నిధి సగానికి రాగానే తీసుకోండి. సిప్ గురించి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

అదనపు సిమ్‌లు రెండింటినీ ఈ వారమే ప్రీపెయిడ్‌కు మార్చేయండి, నెలకు 470 పెరగడం ఆగుతుంది. కరపత్రం, స్టోర్ బిల్లు రెండూ జిరాక్స్ తీయించండి. స్టోర్ బిల్లు థర్మల్ కాగితం మీద ఉంది, ఏడాది తిరిగేసరికి అక్షరాలు చెరిగిపోతాయి.